రత్నరాజు అరచెయ్యి

మా అన్నయ్య అరచేతిలోని ఆ చుక్కను మొదట చూసింది నేనే. చూపుడువేలి మొదట్లో ఉంది, సూదిమొనతో పెట్టినంత. రక్తం లేదు, వాపు లేదు. నాలుగు రోజుల తరువాత అన్నయ్య లేడు. ఇన్నేళ్లయినా ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు నమ్మబుద్ధి కాదు.

అన్నయ్య పేరు రత్నరాజు. జ్ఞానాపురంలో చర్చి గోడ పక్కన పద్నాలుగేళ్లు సైకిలు షాపు నడిపాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. నేను బడిలో టీచర్ని. పంచరు వెయ్యడానికి ఎవరైనా ట్యూబును నీళ్ల పళ్లెంలో ముంచి బుడగల కోసం చూస్తారు. అన్నయ్యకు పళ్లెం అక్కర్లేదు. అరచేతికి ఇంత ఉమ్మి రాసుకుని ట్యూబు చుట్టూ తిప్పేవాడు. బుడగ కూడా రానంత సన్నటి రంధ్రం దగ్గర చెయ్యి టక్కున ఆగేది. "ఇదిగో, ఇక్కడ సల్లగా తగుల్తంది," అనేవాడు. హార్బరు డ్యూటీ దిగి వచ్చేవాళ్లు నిలబడి మరీ చూసేవారు.

1982లో స్టీలు ప్లాంటు కోసం దువ్వాడ వైపు నేల చదును చేస్తున్నారు. గవర్రాజు అనే చిన్న కాంట్రాక్టరు ఎక్కడినుంచో ఒక పాత చైన్ లోడరు తెచ్చాడు. టైర్ల బదులు ఇనుప చైన్ల మీద నడిచే బండి, ముందు మట్టి ఎత్తే పెద్ద బకెట్టు. దాని పాత డ్రైవరు బండితో పాటు రాలేదు. "నీ సేతికి మిషను తెలుస్తాది రత్నం, వచ్చీ," అని గవర్రాజు అన్నయ్యను పిలిచాడు. అన్నయ్య షాపు ఇంకొకరికి అప్పగించి వెళ్లాడు. అప్పటికి ముప్పై ఆరేళ్లు. మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సాయంత్రం కనురెప్పల దాకా ఎర్రమట్టితో తిరిగొచ్చాడు.

పని నేర్పింది జలీల్. కోటవీధిలో డీజిల్ ఇంజన్లు బాగుచేసేవాడు, అన్నయ్యకు చిన్ననాటి స్నేహితుడు. ఆ మొదటి రోజు కథ ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని చెప్పుకుని నవ్వారు.

"స్టీరింగేది బావా అన్నాడమ్మా మీ అన్న!" అన్నాడు జలీల్. "స్టీరింగూ లేదు, బెల్లూ లేదు, రెండు లివర్లే. ఎడమది లాగితే ఎడమ సైను ఆగి బండి అటు తిరుగుతాది అని సెప్పినాను. రాళ్ల మీద ఉన్నసోటే గిర్రున తిప్పేసి సైను ఊడగొట్టేసినాడు."

"సైకిలుకి ఊడదేటి?" అన్నాడు అన్నయ్య.

"సైకిలుదైతే ఏలితో ఎక్కించీవోడివి బావా. దీనికి గునపాలట్టుకుని పూటంతా అయింది."

ఆ తరువాత అన్నయ్య మలుపులు వెడల్పుగా తిప్పడం నేర్చుకున్నాడు. పొద్దున్నే బండి చుట్టూ తిరిగి కింద నూనె చుక్కలున్నాయేమో చూడడం, గేజి పుల్ల తీసి ఇంజనాయిలు చూడడం, సాయంత్రం చైన్లలో ఇరుక్కున్న మట్టిని గునపంతో గీకెయ్యడం. గీకకపోతే తెల్లారేసరికి అది ఇటుకలా గట్టిపడుతుందట. అన్నం తినేటప్పుడు నేను పాఠం ఒప్పజెప్పించుకునేదాన్ని.

"బండి దిగే ముందు?"

"బకెట్టు నేలకి దింపాల, టీచరమ్మా!"

ఆరు నెలలు గడిచాయి. ఎత్తిన బకెట్టు తనంతట తానే మెల్లగా దిగిపోవడం మొదలుపెట్టింది. దాన్ని ఎత్తేది నూనె ఒత్తిడి. ఆ నూనె పారే లావుపాటి రబ్బరు పైపు ఎక్కడో కారుతోంది. పైపంతా జిడ్డే కాబట్టి ఎక్కడో తెలియదు. "సోమారం ఇంజనీరొస్తాడు. బకెట్టు నిలబడకపోతే నిన్ను దింపి ఇంకోడ్ని ఎక్కించాలి రత్నం. నా సేతుల్లో లేదు," అన్నాడు గవర్రాజు. జలీల్ పెళ్లికని అనకాపల్లి వెళ్లి ఉన్నాడు. అన్నయ్యకు తిరిగి వెళ్లడానికి షాపు లేదు.

శనివారం మధ్యాహ్నం ఇంజను నడుస్తుండగా, పైపులో ఒత్తిడి ఉండేలా బకెట్టు ఎత్తే లివరు లాగి తువ్వాలుతో కట్టేశాడు. దిగి వచ్చి అరచేతికి ఉమ్మి రాసుకున్నాడు. పైపు పొడుగునా చెయ్యి తిప్పాడు.

ఇంటికి వచ్చేటప్పటికి ముఖం వెలిగిపోతోంది. "దొరికిందే కుమారీ! సోమారానికి పైపు మార్చేస్తాం. ఏదో సురుక్కుమంది, అక్కడే ఉంది," అని చెయ్యి చూపించాడు.

నేను ఆ చుక్కను చూసి నవ్వాను. "ఏటన్నయ్యా, ఈసారి నీ సేతికే పంచరు పడిందేటి?" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను.

ఆదివారం చర్చిలో అన్నయ్య పాటల పుస్తకం ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి పిడికిలి ముడుచుకోవడం లేదు. వేలు తెల్లగా, చల్లగా ఉంది. ఇంటికొచ్చి ముల్లేదైనా ఉందేమోనని నేను ఆ చుక్క చుట్టూ నొక్కాను. రక్తం రాలేదు. నూనె వచ్చింది. మా అన్నయ్య ఒంట్లోంచి, లోడరు నూనె. అతని చొక్కాల్లో ఉండే వాసనే. వీధి చివరి కాంపౌండరు కట్టు కట్టి, రేపటికి తగ్గుతుందన్నాడు. మేం తగ్గుతుందనే అనుకున్నాం.

సోమవారం మోచేతి దాకా నల్లబడింది. ఆసుపత్రిలో డాక్టరు ఎలా తగిలిందో విని, చెయ్యి మోచేతి దాకా తడిమి చూశాడు. "తుపాకిగుండు తగిలితే ఇంత ఆలస్యంగా తెస్తారామ్మా? ఇదీ అలాంటిదే. నూనె లోపలంతా పాకిపోయింది," అన్నాడు. మంగళవారం చెయ్యి తీసేశారు. మత్తు వదిలాక అన్నయ్య లేని చేతి వైపు చూడలేదు. "బకెట్టు నిలిచిందేటే?" అని అడిగాడు. నిలిచిందని అబద్ధం చెప్పాను. బుధవారం తెల్లవారకముందే పోయాడు.

వారం తరువాత అన్నయ్య సామాను కోసం జలీల్ నన్ను దువ్వాడ తీసుకెళ్లాడు. పైపు మార్చలేదు, బండి అప్పటినుంచీ కదల్లేదు. లివరుకు అన్నయ్య తువ్వాలు అలాగే కట్టి ఉంది. ఆ రోజే పనిలో చేరిన కొత్త డ్రైవరు పోలిరాజు పక్కన నిలబడ్డాడు. అన్నయ్యకు ఏం తగిలిందో చూపిస్తానని జలీల్ ఇంజను వేసి, ఒక కర్ర చివర అట్టముక్క కట్టి, దూరంగా నిలబడి దాన్ని పైపు వెంబడి జరిపాడు. నాకు ఏమీ కనబడలేదు. నూనె కనబడలేదు, ఇంజను హోరులో వేరే చప్పుడూ లేదు. కర్ర వెనక్కి తీసి చూపించాడు. కంటికి కనబడనంత సన్నటి నూనె ధార అట్టను ఇవతలి నుంచి అవతలికి తొలిచేసింది.

"అన్నీ సెప్పినానమ్మా. ఇదొక్కటే సెప్పలేదు," అన్నాడు జలీల్. "పద్నాలుగేళ్లు పంచర్లేసినోడికి లీకెలా ఎతకాలో నానేటి సెప్తానని..."

"ఏదీ, ఎక్కడ?" అంటూ పోలిరాజు ముందుకు వంగి పైపు మీదికి చెయ్యి చాపాడు.

నేను అతని చెయ్యి మీద కొట్టాను. బడిలో ఏ పిల్లాడినీ నేను అంత గట్టిగా కొట్టలేదు.

అతను చెయ్యి పట్టుకుని నిర్ఘాంతపోయి నా వైపు చూశాడు. "ఏటమ్మా, ఉత్త నూనే కదా!" అన్నాడు.