పై సరస్సుకు రెండున్నర గంటలు

జూన్ 14, ఉదయం 6 గంటల 12 నిమిషాలు. జాతీయోద్యానం దిగువ బస్టాపులో, టిక్కెట్ల గదికి ఎడమ పక్కన నాటిన ఇనుప స్తంభం మీద కుడి అరచెయ్యి ఆనించి, ఎడమ చేతిలోని స్టాప్‌వాచ్ నొక్కి అతను నడక మొదలుపెట్టాడు. ఉష్ణోగ్రత ఏడు డిగ్రీలు. వీపున సంచి బరువు ఆరు కిలోలు. ఆ స్తంభానికి బిగించిన పసుపు రేకు మీద నల్లరంగుతో ఇలా రాసి ఉంది: పై సరస్సు, 7.4 కి.మీ., 2 గం. 30 ని.

ఆ రెండున్నర గంటలు అతనివే. ఇరవై ఆరేళ్ల కిందట, తన ముప్పై ఒకటో ఏట, వాన లేని మూడు రోజులు చూసుకుని మూడుసార్లు ఆ బాట ఎక్కి, మూడింటికీ సగటు తీసి, దగ్గరి ఐదు నిమిషాలకు సరిచేసి రాసిన అంకె అది. మంచినీళ్లు తాగడానికి తప్ప మరెందుకూ ఆగకూడదన్నది అప్పటి నియమం. ఉద్యానంలో ఇలాంటి బోర్డులు నలభై ఒకటి ఉన్నాయి. అన్నిటి మీది సమయాలూ ఒకే జత కాళ్లు కొలిచినవి. తోటి గార్డులు అతన్ని 'గడియారం' అని పిలవడానికి కారణం ఇదే. కొత్తగా వచ్చిన రేంజరు మేడమ్ మొదటి వారంలో అదే అసలు పేరనుకుని డ్యూటీ పట్టికలో టైపు చేయించింది. పట్టిక నాలుగు రోజులు గోడ మీద ఉంది. ఎవరూ సరిదిద్దలేదు. అతనూ సరిదిద్దలేదు.

అతని తండ్రి ఈ కొండ బాటలకు రాతి మెట్లు కట్టిన మేస్త్రీ. అతను ఇంటర్మీడియెట్‌లో సైన్సు చదివి, అక్కడితో ఆపి, పంతొమ్మిదో ఏట ఉద్యానంలో కూలీగా చేరాడు. ఇనుప స్తంభాలను, సిమెంటు సంచులను వీపున మోసి పైకి చేర్చడం పని. ఏ స్తంభం ఏ వేళకు చేరిందో అతను అగ్గిపెట్టె మీద రాసుకోవడం చూసి అప్పటి సర్వే అధికారి తన వాచీ తీసి చేతికిచ్చాడు. తిరిగి అడగలేదు. గార్డు ఉద్యోగం ఆ తరువాతి ఏడాది వచ్చింది.

జూన్ 14 నాటి నడకకు కారణం మూడు రోజుల ముందు వచ్చిన ఉత్తర్వు. అంతకు ముందటి సీజన్‌లో సాయంత్రం ఐదున్నరకు బయలుదేరే ఆఖరి బస్సు అందక మిగిలిపోయినవారు 63 మంది. వారిలో 49 మంది పై సరస్సుకు వెళ్లి వచ్చినవారు. పదకొండు గంటలకు మొదలుపెట్టి, బోర్డును నమ్మి, ఒంటిగంటన్నరకు సరస్సు దగ్గర ఉంటామనుకున్నవారు. కాబట్టి బాటను మళ్లీ కొలవాలని మేడమ్ ఆదేశించింది. కొలిచే పని అతనికే అప్పగించింది.

అక్కడే చిక్కు వచ్చింది. యాభై అయిదేళ్లు నిండిన గార్డులు ఏటా ఆగస్టు చివర్లో ఒక నడక పరీక్షకు నిలబడాలి. దిగువ బస్టాపు నుంచి పై సరస్సు వరకు, బోర్డు మీద ఉన్న సమయంలోపు చేరాలి. చేరలేకపోతే బాట మీది పని తీసేసి టిక్కెట్ల గదిలోకి మారుస్తారు. అతనికిప్పుడు యాభై ఏడు. మొదటి పరీక్షలో అతని సమయం 2 గంటల 21 నిమిషాలు. నిరుడు 2 గంటల 26. ఈ జూన్ 14న సరస్సు ఒడ్డున ఉన్న స్తంభాన్ని తాకి వాచీ ఆపినప్పుడు అందులో 2 గంటల 41 నిమిషాలు ఉంది. రెండు మోకాళ్లలో కుడిది వాచింది. అతను రెండు విషయాలనూ నోట్‌బుక్‌లో ఒకే సిరాతో రాసుకున్నాడు.

సమయాన్ని పెంచి రాస్తే జనానికి మేలు. పెంచి రాస్తే అతని ఉద్యోగానికీ మేలు. ఏది ఏ మేలు కోసం రాసిందో కాగితం మీద తేడా కనపడదు.

ఆఖరి బస్సు నడిపేది అతని బావమరిది. ఆ సాయంత్రం ఇంజను ఆపి, స్టీరింగు మీద మోచేతులు పెట్టుకుని మాట మొదలుపెట్టాడు.

"బావా, నీ బోర్డుని నమ్మినవాళ్లంతా నన్ను తిడుతున్నారు. నిన్న ఒకాయన బూట్లు చేతిలో పట్టుకుని బస్సు వెనకాల అరకిలోమీటరు పరిగెత్తాడు. అద్దంలో చూశా."

"ఆపలేదా?"

"ఆపకపోతే నేను మనిషినేనా? ఆపా. ఎక్కి, కూర్చుని, ఊపిరి కుదుటపడ్డాక మొదట అడిగిందేంటో తెలుసా? ఆ బోర్డు రాసినవాడికి మేక కాళ్లున్నాయా అని."

"నువ్వేమన్నావు?"

"మా అక్క మొగుడేనండీ, పిలవమంటారా అన్నా. ఆయన వద్దన్నాడు." బావమరిది తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "మూడు గంటలని రాసి పడెయ్ బావా. జనం టైముకి దిగుతారు, నువ్వు పరీక్ష గట్టెక్కుతావు. ఎందుకంత బుర్ర బద్దలుకొట్టుకోవడం?"

"మూడు అని ఎవరు కొలిచారు?"

"ఇదిగో, ఇందుకే నిన్ను గడియారం అంటారు. టైము చెప్పమంటే ముల్లు చూపిస్తావు."

టిక్కెట్ల గదిలో పనిచేసేది అతని భార్య. గది పొడవు పది అడుగులు, వెడల్పు ఏడు. ఒక కిటికీ, రెండు కుర్చీలు. రెండో కుర్చీ ఏడాదిగా ఖాళీ. పరీక్ష తప్పిన గార్డు కూర్చోవలసింది అందులోనే. మరునాడు ఉదయం మొదటి బస్సు రాకముందు అతను తలుపు దగ్గర నిలబడి 2 గంటల 41 నిమిషాల సంగతి చెప్పాడు. ఆమె చిల్లర సర్దడం ఆపలేదు.

"ఇరవై తొమ్మిదేళ్లుగా పొద్దున లేస్తే మీరు పైన, నేను కింద. మన సంసారం సవ్యంగా సాగిందంటే మధ్యలో ఉన్న ఆ ఎనిమిది వందల డెబ్బై మీటర్ల ఎత్తు వల్లే. దాన్ని కాస్తా చెడగొట్టకండి."

"చెడగొట్టకూడదనే చూస్తున్నా. కానీ కొలత కొలతే కదా."

"కొలిచేది మీరే, నిదానంగా నడిచేదీ మీరే, బాగుపడేదీ మీరే. దాన్ని కొలత అంటారా ఎవరైనా?"

ఆమె ఎగతాళికే అంది. అతను మాత్రం ఆమె పక్కనున్న టిక్కెట్ల కట్ట వైపు చూసి అడిగాడు.

"టిక్కెట్టు వెనక టైము రాసివ్వగలవా?"

"రోజూ రెండొందల అరవై మందికా? చెయ్యి పడిపోతుంది."

"పదిమందిలో ఒకరికి చాలు. నీకు నచ్చినవాళ్లకి కాదు. వరసలో ప్రతి పదో టిక్కెట్టుకి."

"నచ్చినవాళ్లకే అయితే పని ఇంకా తేలికయ్యేది. రోజుకి ఇద్దరు కూడా ఉండరు."

జూన్ 17 నుంచి 28 వరకు, పన్నెండు రోజులు ఈ పని సాగింది. ఆమె కింద ప్రతి పదో టిక్కెట్టు వెనక బయలుదేరే వేళ రాసింది. అతను తెల్లవారుతూనే పైకి చేరి, సరస్సు ఒడ్డున బల్లబండ మీద కూర్చుని, టిక్కెట్టు వెనక అంకె ఉన్నవారి రాక వేళను రాసుకున్నాడు. దారిలో ఎక్కడ ఆగారో, ఎంతసేపు ఆగారో కూడా అడిగాడు. చెక్క వంతెన మీద ఫొటోలకు సగటున తొమ్మిది నిమిషాలు. ఊట దగ్గర సీసాలు నింపుకుని, కాళ్లు తడుపుకోవడానికి పదకొండు. పచ్చికబయలులో బొరియల నుంచి నిటారుగా లేచి ఈల వేసే బొద్దు జంతువులను చూడటానికి పద్నాలుగు. ఎదుటి లోయలో హిమానీనదం అంచు మొదటిసారి కనపడే మలుపులో ఆరు. పిల్లల బూట్ల లేసులకు వేరే వరస పెట్టవలసి వచ్చింది.

అడిగినవారికి అతను చెప్పే మాటలు ఏళ్లుగా అవే. ఎనిమిదిలోపు బయలుదేరండి. ఊట దాటాక నీళ్లు దొరకవు, అక్కడే నింపుకోండి. ఈల వేసే జంతువులకు బిస్కెట్లు వేయకండి, చలికాలం నిద్రకు వాటికి కావలసిన కొవ్వు గడ్డి నుంచే రావాలి. పూలు కోయకండి, ఈ ఎత్తులో ఒక మొక్క పూతకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. సరస్సులోకి దిగకండి, నీరు నాలుగు డిగ్రీలు. పడమటి కొండ భుజం మీదుగా మబ్బు ఇవతలికి దిగితే, చూడవలసింది ఎంత మిగిలినా వెనక్కి తిరగండి.

ఐదో రోజున ఒక పెద్దావిడ చేతికర్ర ఊతంగా వచ్చి టిక్కెట్టు చూపించింది. అతను వాచీ చూసి రాసుకున్నాడు.

"ఎంతయింది నాయనా?"

"మూడు గంటల యాభై రెండు నిమిషాలండీ."

"మీ బోర్డు మీద రెండున్నర అని ఉంది. నా మోకాళ్లు పాడయ్యాయేమోనని దారంతా బెంగపడుతూ వచ్చా. ఆ జంతువుల దగ్గర కాసేపు కూర్చుందామనుకుని కూడా కూర్చోలేదు."

"మీ మోకాళ్లు బాగానే ఉన్నాయండీ. బోర్డే బాగాలేదు."

"మరి బాగుచెయ్యరా?"

"అందుకే ఇక్కడ కూర్చున్నా. దిగేటప్పుడు వాటి దగ్గర కూర్చోండి, ఇంకా టైముంది."

రాసిచ్చిన టిక్కెట్లు 318. సరస్సు దాకా చేరినవి 251. తక్కినవారు మధ్యలో వెనుదిరిగారు, లేదా వేరే బాట పట్టారు. అతను 251 సమయాలను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా రాసి, సరిగ్గా మధ్యలో ఉన్న 126వ దాన్ని చూశాడు. 3 గంటల 18 నిమిషాలు. దగ్గరి ఐదుకు సరిచేస్తే 3 గంటల 20.

జూలై 2న అతను రేంజరు మేడమ్ బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. మొదటిది కొత్త సమయం, పట్టికతో సహా. ఆమె పది నిమిషాలు చదివి, ఒక కూడిక తను కూడా వేసి చూసి, సంతకం చేసింది. రెండోది సగం పేజీ. గార్డుల పరీక్ష నియమంలో 'బోర్డు మీది సమయం' అన్న మాట తీసేసి, '2 గంటల 30 నిమిషాలు' అని పెట్టమనీ, ఆ మార్పు కొత్త రేకు బిగించకముందే జరగాలనీ అందులో ఉంది. పైన ఎవరైనా పడిపోయారన్న కబురు మీద ఎక్కే గార్డు పూలు చూస్తూ ఎక్కడు కదా అన్నది అతను చూపిన కారణం.

ఆమె కళ్లజోడు తీసింది.

"మీరు ఇది ఇవ్వకపోతే పరీక్షకి మూడు గంటల ఇరవై నిమిషాలు దొరికేవి. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"ఇప్పుడు మీకెంత పడుతోంది?"

"జూన్ 14న రెండు నలభై ఒకటి."

"పోనీ, ఈ ఏడాదికి వదిలేసి వచ్చే ఏడాది నుంచి పెడదామా? నియమాలు మార్చడానికి ఎలాగూ టైము పడుతుంది."

"ఈ ఏడాది పరీక్షకి నిలబడేది నేనొక్కణ్ణే మేడమ్. నేను కొలిచిన అంకెతో నేనే గట్టెక్కితే ఈ పట్టికని ఎవరు నమ్ముతారు? రేపు బస్సు తప్పినవాళ్లు కూడా నమ్మరు."

ఆమె రెండో కాగితం మీద కూడా సంతకం చేసి తేదీ వేసింది.

బావమరిది ఈ వార్త విని స్టీరింగు మీద చేత్తో కొట్టాడు. "అక్కా, బావ తెలివంతా అరికాళ్లలో ఉండేది. అది కాస్తా అరిగిపోయింది" అని కిటికీలోంచి కేక వేశాడు. భార్య వరసలో ఉన్న పద్నాలుగు మందికి టిక్కెట్లు ఇచ్చి, కిటికీ తలుపు సగం వేసి, అప్పుడు అతని వైపు తిరిగింది.

"నన్నొక మాట అడగాలనిపించలేదా?"

"అడిగితే వద్దనేదానివి."

"వద్దనేదాన్నే. అన్నాక మీరు అదే పని చేసేవారు. అప్పుడు కనీసం తిట్టడానికి నాకొక దారి ఉండేది." ఆమె రెండో కుర్చీని కాలితో కదిపింది. "దీనికి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టుకోవాలి. కిటికీ పక్క చోటు మాత్రం నాది. అది ఇవ్వను, ఇప్పుడే చెప్తున్నా."

కొత్త రేకును జూలై 20న అతనే బిగించాడు. అప్పటి నుంచి ఆగస్టు నెలాఖరు వరకు ఆఖరి బస్సు తప్పినవారు ఇద్దరు. ఇద్దరూ సరస్సు ఒడ్డున నిద్రపోయినవారే. ఆ వారాల్లో అతను ఇంటి దగ్గర ఉదయం, సాయంత్రం గుమ్మం మెట్టు మీద ఒంటికాలితో ఎక్కి దిగేవాడు, ఒక్కో కాలికి నలభైసార్లు. భార్య ఆ మెట్టు కడగడం అరగంట ఆలస్యం చేసుకునేది.

ఆగస్టు 30, ఉదయం 7 గంటలు. ఉష్ణోగ్రత తొమ్మిది డిగ్రీలు, గాలి లేదు, బాట పొడిగా ఉంది. దిగువ స్తంభం దగ్గర మేడమ్ తన వాచీని సరస్సు దగ్గరి గార్డు వాచీతో రేడియోలో సరిచూసింది. హద్దు 2 గంటల 30 నిమిషాలు, ఐదుకు సరిచేయడం ఉండదని నియమం చదివి వినిపించింది. అతను స్తంభాన్ని తాకి బయలుదేరాడు. టిక్కెట్ల గది కిటికీ తెరిచే ఉంది. లోపల భార్య ఎవరికో చిల్లర లెక్కపెట్టి ఇస్తోంది.

చెక్క వంతెన 37 నిమిషాలకు దాటాడు. ఊట దగ్గర 1 గంట 13. అక్కడ రెండు గుక్కలు నీళ్లు తాగాడు. పచ్చికబయలు మొదట్లో ఒక కుటుంబం బండ మీద కూర్చుని ఉంది. తండ్రి లేచి నిలబడి, "సరస్సుకి ఇంకా ఎంతసేపండీ?" అని అడిగాడు. "మీకు గంట. పిల్లలు ఆ జంతువుల్ని చూస్తామంటే గంటా పావు" అని అతను ఆగకుండానే చెప్పాడు. వారిని దాటాక ఇరవై అడుగుల దూరాన వెనక్కి తిరగకుండానే "బిస్కెట్లు వేయకండి" అన్నాడు. పచ్చికబయలు చివర 1 గంట 50. అక్కడి నుంచి తండ్రి కట్టిన మెట్లు మొదలవుతాయి. మొత్తం 412. కుడి మోకాలి మీద చెయ్యి వేసి ఎక్కడం అతను 150వ మెట్టు దగ్గర మొదలుపెట్టాడు. హిమానీనదం కనపడే మలుపులో వాచీ చూడలేదు.

సరస్సు దగ్గరి గార్డు ముప్పై ఏళ్ల మనిషి. దూరం నుంచే అతన్ని చూసి లేచి నిలబడి, వాచీని రెండు చేతులతో పట్టుకున్నాడు. రమ్మని కేక వేయలేదు, చెయ్యి ఊపలేదు. అలా చేయకూడదని అతనికి నేర్పింది గడియారమే. స్తంభానికి అరచెయ్యి తాకిన చప్పుడు వినపడగానే మీట నొక్కి, రేడియో నోటి దగ్గర పెట్టుకుని, తెరమీది అంకెను రెండుసార్లు చదివాడు.

2 గంటల 33 నిమిషాలు.