బావగారు ఓడిపోయిన ఫైనల్

మొన్న మా మనవడు టీవీలో ఫుట్‌బాల్ చూస్తుంటే పక్కన కూర్చున్నాను. ఆట మొదలవకముందే కోట్లు వేసుకున్న నలుగురు అరగంటసేపు వాదించుకున్నారు, ఈ కోచ్ చిన్న మ్యాచ్‌లన్నీ గెలుస్తాడు గానీ పెద్దవి గెలవలేడని. నాకు మా బావగారు, అంటే మా అక్క భర్త, గుర్తొచ్చారు. ఆయన్నీ ఇలాగే అనేవారు. కాకపోతే అన్నవాళ్లకి కోట్లు లేవు.

కాకినాడలో ఒక కాలేజీకి ఆయన ఫుట్‌బాల్ కోచ్. ఏటా జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్లి అక్కడ ఓడిపోయేవారు. "మాస్టారూ, ఈసారి సెమీఫైనల్‌తో ఆపేయండి, బస్సు ఛార్జీలు మిగులుతాయి" అని ఊళ్లోవాళ్లు నవ్వేవారు. నిజానికి ఆయన ఒక ఫైనల్ గెలిచారు, ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే. ఆ రోజు ఎడమవైపు ఆడే కుర్రాడు గుండె పట్టుకుని వస్తే, "ఇంకో పది నిమిషాలే కదా, ఓర్చుకో" అని వెనక్కి పంపారట. ఆ కుర్రాడు గోల్ కొట్టి, మూలజెండా దగ్గర కూలబడి, మరి లేవలేదు. ఆ గెలుపు గురించి మా ఇంట్లో ఎవరమూ మాట్లాడేవాళ్లం కాదు. ఆ తర్వాత ఏ ఫైనల్లో ఎవడు కాస్త ఆయాసపడినా, ఎంత మంచి ఆటగాడైనా సరే, బయటికి పిలిచేసేవారు.

ఎనభైల మొదట్లో ఆయన స్టోర్‌కీపర్‌గా దుబాయ్ పక్కనున్న అజ్మాన్ వచ్చారు. నేను అప్పటికే దుబాయ్‌లో నర్సుని. కరామాలో ముగ్గురు మలయాళీ సిస్టర్లతో ఒకే గదిలో, వాళ్ల కొబ్బరినూనె వాసనకీ నా ఆవకాయ వాసనకీ మధ్య రాజీ కుదుర్చుకుని ఉండేదాన్ని. బావగారి సంగతి తెలిసి ఆయన కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, తమ జట్టుని ఆయన చేతిలో పెట్టాడు. గోల్‌కీపర్ పఠాన్, ఇద్దరు సూడాన్ వాళ్లు, మిగతా అంతా మలయాళీలు. తెలుగు ముక్క వచ్చినవాడు ఒక్కడూ లేడు. అలవాటు ప్రకారం ఫైనల్‌కి చేరారు. "కప్పు తెస్తే నీ భార్య వీసా కాగితం మీద సంతకం పెడతా. లేకపోతే ఖలాస్" అన్నాడు ముదీర్. అక్క అప్పటికి రెండేళ్లుగా ఎదురుచూస్తోంది.

శుక్రవారం పొద్దున్నే, సముద్రం పక్కన ఇసుక మైదానంలో ఆట. మందుల పెట్టె పట్టుకుని నేనూ వెళ్లాను. చెరొక గోలు అయ్యాక సముద్రం మీంచి పొగమంచు కమ్ముకొచ్చింది. చూస్తుండగానే అవతలి గోల్‌పోస్టు కనబడకుండా పోయింది, తర్వాత ఆటగాళ్లు పోయారు. బంతి తన్నిన చప్పుడు మాత్రం మిగిలింది. తర్వాత అదీ ఆగింది. ఎడమవైపు మూలనుంచి, తెల్లటి మంచులోంచి, ఎవరో నెమ్మదిగా, తెలుగులో అన్నారు. "ఇంకో పది నిమిషాలే కదా, సార్."

బావగారు "వద్దు, వచ్చెయ్యి" అని అరుస్తూ మైదానంలోకి పరుగెత్తారు. ఆట ఆపించి, మా ఎడమవైపు ఆడే మలయాళీ అబ్బాయిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. జట్టులో అందరికంటే మెరుగైనవాడు వాడే. "నాకేం కాలేదు సిస్టర్, నేను పిలవలేదు. అప్పుడు నేను మధ్యగీత దగ్గర ఉన్నాను" అన్నాడు నాతో హిందీలో, కోపంగా. నాడి చూశాను. నాలుగు కొట్టుకుని, ఒకటి తప్పి, మళ్లీ మూడు. వాణ్ణి కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాను. గుండె కవాటం పాడైందన్నాడు డాక్టరు, ఇంకాసేపు పరుగెత్తి ఉంటే మీరు ప్రాణాలతో తీసుకొచ్చేవాళ్లు కాదన్నాడు.

జట్టు రెండు-ఒకటితో ఓడిపోయింది. "పెద్ద ఆట నీ వల్ల కాదు" అని ముదీర్ అందరి ముందూ అన్నాడు. అక్క రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది, అదీ బావగారు వేరే కంపెనీకి మారాకే.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బావగారు కరామా వచ్చి, మెట్ల దగ్గరే నిలబడి అడిగారు. "చిన్నమ్మాయ్, ఆ మాట నువ్వూ విన్నావు కదూ?"

నాకు భయం వేసింది. "గాలి అయ్యుంటుంది బావగారూ" అన్నాను.

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు, ఏ జట్టునీ చూసుకోలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. విన్నానని చెప్పడానికి మధ్యలో ముప్పై ఏళ్లు దొరికాయి నాకు. అంత కాలం ఉన్నప్పుడు తొందరేముందిలే అనిపిస్తుంది.