మాల్యాద్రి మీద పడ్డ మాట

"నా సూదే అంటన్నారమ్మా! ఇరవై రెండేళ్లు ఎండనక వాననక తిరిగినాను. ఇప్పుడు కడుపులో దూడ చచ్చి ఆవు ఈసుకపోతే, నా సూదేనంట!"

ఆత్మకూరులో పశువుల మందుల కొట్టు ముందు బండి ఆపీ ఆపకముందే మాల్యాద్రి అందుకున్నాడు. కొట్టు నడిపే రాధిక స్టూలు జరిపింది. ఆయన కూర్చోలేదు.

సీతారామపురం చుట్టుపక్కల ఎదకొచ్చిన ఆవులకు ఇంటింటికీ వెళ్లి, చూడి కట్టేందుకు విత్తనం సూది వేసే గోపాలమిత్ర ఆయన. ఈ ఏడు ఒకే పల్లెలో నాలుగు చూడి ఆవులు ఈసుకుపోయాయి. అప్పటినుంచి ఆయనను పిలిచేవాళ్లు లేరు.

"నిన్న వరదయ్య నన్ను చూసి దొడ్డి తడిక మూసేసినాడు. ఆ దొడ్లో ఆరు పెయ్యలు నా చేతి మీద పుట్టినవే! ఆ నాలుగిట్లో చెంచమ్మ ఆవును నేను తాకనేలేదే, ఊరి కోడెనే దాటించినారే, అదెందుకు ఈసుకపోయింది? చెంచమ్మ సంతలో కొన్న కొత్త ఆవును దాని పక్క గుంజకే కట్టినాది. ముక్కులు కారతా లారీ దిగిందది."

రాధిక పదో తరగతితో ఆగింది గానీ, మందు డబ్బాల్లో వచ్చే కాగితాలతో సహా దొరికిందల్లా చదువుతుంది. "అట్లా ముక్కులు కార్చి, చూడి పోగొట్టేది హెర్పిస్ జాతి వైరస్ అన్నా. ఒకసారి సోకితే నరాల్లో దాక్కుంటాది. పశువు అలిసిపోతే మళ్లా లేస్తాది. సంత ఆవు తెచ్చుండొచ్చు. విత్తనంలోనూ రావచ్చు."

"పట్నం ల్యాబు వాళ్లూ అదే అన్నారు. వైరస్‌కీ వంశం ఉంటాదంట, తరం తరానికీ రవ్వంత మారతాదంట. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది దేనికి చుట్టమో తేలతాదంట. ఆవుల ముక్కుల్లో దూది తిప్పి, పరీక్షకి తీసుకోని పోయినారు. నా చల్ల క్యానులో విత్తనం నింపిన స్ట్రాలు నేనే తీసిచ్చినాను. అయిదు నెలలమ్మా! ఫోన్ చేస్తే, ఇంగ్లీషు పత్రికకి రాస్తన్నాం, అచ్చయినాక చూడండంటాడు ఆ ల్యాబు సారు. వరదయ్య చదవతాడా దాన్ని? వైరస్ తాతముత్తాతల్ని వెతికేదానికి ఓపికుండాది, బతికున్నోడికి ఒక్క ముక్క చెప్పేదానికి లేదు!"

రాధిక అడగాలా వద్దా అనుకుంటూనే అడిగింది. "ఒకవేళ నీ విత్తనమే అని తేలితే, అన్నా?"

మాల్యాద్రి అప్పుడు కూర్చున్నాడు.

"అట్లయితే ఆ విత్తనం ఇంకెన్ని ఊళ్లకి పోయిందో! నాబోటోళ్లు తెలీక వేస్తానే ఉంటారు గదా. అందుకే నాకు కడుపుమంట." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రేపు సరుక్కి పట్నం పోతావు గదా. ఆ ల్యాబుకి పో. చెప్పిందాకా లేవొద్దు. సంత ఆవుదని వచ్చినా, నా సూదిదని వచ్చినా, తెలుగులో రాయించుకోని రా తల్లీ. నాకోసరం దాచొద్దు."