మిణుకుకి కన్ను కుట్టిన రోజు

ఆదివారం సాయంత్రం కూర్చుని వారానికి సరిపడా చీరలు ఇస్త్రీ చేసుకోవడం నాకు అలవాటు. గంజి పెట్టిన నూలుచీర మీద నీళ్ళు చిలకరించి పెట్టె ఆనించగానే ఉడుకుతున్న అన్నం వాసన ఒకటి లేస్తుంది. కాస్త మాడు, కాస్త తీపి. మా ఇంట్లో ఎవరూ దాన్ని పట్టించుకోరు. నాకు మాత్రం అది ముక్కుకి తగిలిందంటే నవ్వు ఆగదు. గంజిలో ముంచి తీసిన ఒక మరమనిషి గుర్తొస్తాడు. వాడి పేరు మిణుకు. వాణ్ణి గంజిలో ముంచినావిడ పేరు రాహేలమ్మ గారు. నేనిప్పుడు అమలాపురంలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతున్నాను గానీ, నాకు ఓపిగ్గా లెక్కపెట్టడం నేర్పింది మాత్రం ఆవిడే.

తాటిపాక దగ్గర మా ఊళ్ళో ఆవిడది మా పక్కిల్లు. నేను మామ్మగారూ అని పిలిచేదాన్ని. భర్త ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. ఏళ్ళ తరబడి లేసు అల్లేవారు. మొన కొక్కెంలా వంగిన సన్నటి సూదితో, తెల్లటి నూలుదారంతో, బల్లల మీద పరుచుకునే గుండ్రటి లేసులు. అవి ఏ దేశంలో ఎవరి బల్లల మీదికి వెళ్ళేవో ఆవిడకీ తెలియదు. ప్రతి శనివారం సత్యం గారని ఒకాయన మోపెడ్ మీద వచ్చి అల్లినవి పట్టుకుపోయేవారు. పదేళ్ళప్పుడు నేనూ ఆవిడ వసారాలో చాప మీద కూర్చుని సూది పట్టాను. లేసు పనిలో మొదటి పాఠం ఒకటే: అది బల్లకి అతుక్కుని పడుకోవాలి. నడుమ నుంచి వరస వరసకీ కుట్లు లెక్క ప్రకారం పెంచుకుంటూ పోతేనే అలా పడుకుంటుంది. ఎక్కడైనా పెంచడం మరిచామా, అంచులు పైకి లేస్తాయి. దాన్ని ‘గిన్నె కట్టడం’ అనేవారు. గిన్నె కట్టిన లేసుని సత్యం గారు పట్టుకెళ్ళరు. మా వీధి ఆడవాళ్ళలో గిన్నె కట్టని చెయ్యి అంటే రాహేలమ్మ గారిదే.

అలాంటి చెయ్యి నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా గిన్నె కట్టడం మొదలుపెట్టింది. సత్యం గారు ఒక శనివారం రెండు లేసులు వెనక్కిచ్చి, ఇబ్బందిగా తల గోక్కుని, “దారం బాగోలేదేమోనండీ” అన్నారు. “ఆయ్, దారమేనండీ” అన్నారు ఆవిడ. దారం కాదని నాకు తెలుసు. అప్పటి నుంచి నేనొక ఘనకార్యం మొదలుపెట్టాను. లేసులు మడతపెట్టి కట్టిపెడతానని ఆ మూట మా ఇంటికి తెచ్చుకునేదాన్ని. పొద్దున్నే తాటిపాక సెంటర్లో బస్సెక్కి, కాలేజీకి వెళ్ళే దారంతా ఒళ్ళో పెట్టుకుని తప్పు వరసలు విప్పి మళ్ళీ అల్లేదాన్ని. నాలుగు నెలలు అలా నడిపాను. సత్యం గారు మళ్ళీ ఒక్కటీ తిప్పి పంపలేదు. పక్క సీటు వాళ్ళు నా శ్రద్ధ చూసి మెచ్చుకుంటుంటే పొంగిపోయేదాన్ని కూడా.

కళ్ళు చూపించుకోమని ఎందుకు చెప్పలేదంటారా? చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆవిడ అక్కగారికి పాతరోజుల్లో కంటికి ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక ఆ అక్కగారు ఎవరో చెప్పిన ఆకుపసరు పోసుకుని ఆ కన్ను కాస్తా పోగొట్టుకున్నారు. రాహేలమ్మ గారు పసరుని వదిలేసి నేరమంతా ఆపరేషన్ మీద మోపారు. “నా కంటి మీద కత్తి పడే రోజున నన్ను సమాధిలోనే పెట్టేయండి” అనేవారు. పైగా ఆవిడ చేతిలోంచి సూది పోతే ఆవిడకి ఇంకేం మిగులుతుందని నా భయం. అందుకే సన్నదారం కదా, చత్వారం ముదిరిందంతే, అద్దాలు మారిస్తే సరిపోతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ అద్దాల మాటైనా ఎత్తానా అంటే, అదీ లేదు.

ఆ రోజుల్లోనే నా ఫోనులో ఒక వీడియో కనపడింది. ఎవరో విదేశీ అమ్మాయి ఊలుతో చిన్నచిన్న బొమ్మలు అల్లి లోపల దూది కూరుతోంది. నాకు వెంటనే మిణుకు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు ఒక పిల్లల మాసపత్రికలో వచ్చిన సీరియల్లో వాడే నాయకుడు. దారి తప్పిన అంతరిక్ష నౌకని ఒక్కడే కాపు కాస్తుండే బుల్లి యంత్రం. కుండలాంటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పొట్టకి ఒక తలుపు, ఆ తలుపు పైన ఒకే ఒక కన్ను. వాడికి మాటలు రావు. కన్ను ఆర్పుతూ వెలిగిస్తూ చెప్పాల్సింది చెబుతాడు. నెలనెలా ఆ పత్రిక కోసం మా అమ్మ ప్రాణం తీసేదాన్ని. ఇన్నాళ్ళకి వాణ్ణి చేతిలోకి తెచ్చుకోవచ్చు కదా అని ఊలు కొనుక్కుని మామ్మగారి వసారాలో కూర్చున్నాను.

“ఆ చిన్న తెరలో నాకేం కనపడుద్దే, ఆ పిల్లేం చేస్తుందో నువ్వు చెప్పు” అన్నారు ఆవిడ. నేను చెప్పుకుంటూ వచ్చాను. మొదట దారాన్ని ఉంగరంలా చుట్టి అందులో ఆరు కుట్లు వేసిందన్నాను. “దానికి సినిమా తియ్యాలా? మన లేసుకి నడుమ వేయడమే కదా” అని ఊలు నా చేతిలోంచి లాక్కున్నారు. నాలుగు వరసలయ్యాక నేను ఆపాను.

“ఇక్కణ్ణించి కుట్లు పెంచకూడదండీ మామ్మగారూ.”

“పెంచకపోతే గిన్నె కడుద్దే.”

“అదే కావాలండీ. అది వీడి పొట్ట.”

ఆవిడ సూది పక్కన పెట్టి నవ్వారు. “ముప్పై అయిదేళ్ళు గిన్నె కట్టకుండా అల్లి చచ్చేను. ఇప్పుడు కావాలని కట్టమంటావేంటే?” అన్నారు. అని ఊరుకోలేదు, ప్రయత్నించారు. లావు ఊలుకి చూపుతో పనిలేదు, వేలికే కుట్టు తెలుస్తుంది. అయినా ఆవిడ చెయ్యి మాట వినలేదు. పెంచొద్దు అనుకుంటున్నా దానంతటది కుట్లు పెంచుకుపోయేది. మూడుసార్లు పొట్టకి బదులు పళ్ళెం తయారైంది. ఆ మూడూ మా ఇంట్లో కాఫీ గ్లాసుల కిందకి వెళ్ళాయి. కట్టకూడని లేసు గిన్నె కడుతుంటే, కట్టాల్సిన బొమ్మ చదునుగా వస్తోందని నాకు ఓ పక్క నవ్వు, ఓ పక్క ఏడుపు. నాలుగోసారికి పొట్ట వచ్చింది. పాత దిండులోంచి బూరుగుదూది తీసి కూరి, పైన మూసేశాం.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి మిణుకు పెరటి గోడ మీద కూర్చుని కారుతున్నాడు. అల్లిన వస్తువు ఏదైనా ఉతికి, గంజి పెట్టి, ఎండలో ఆరేశాకే ఇవ్వడం ఆవిడ పద్ధతి. “గంజి పెట్టకుండా చేతికిస్తే పరువు తక్కువ కాదూ?” అన్నారు. లోపల దూది ఉన్న బొమ్మకి గంజి పట్టిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు. మూడు రోజులు ఎండబెట్టినా ఆరలేదు. పైన అట్టకట్టి, లోపల పులిసి, నాలుగో రోజున వాడిలో చీమలు కాపురం పెట్టాయి. కర్రతో పట్టుకెళ్ళి కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాను. “ఈసారి నువ్వు ముట్టుకోకు. మొత్తం నేనే చేసిస్తాను, కన్నుతో సహా” అన్నారు ఆవిడ. నిజం చెప్పొద్దూ, ఆవిడలో అంత ఉత్సాహం చూసి చాలా కాలమైంది.

వారం తర్వాత, శనివారం మధ్యాహ్నం పిలిచారు. ముదురు నీలం ఒళ్ళు, పొట్టి కాళ్ళు, పొట్టకి ముద్దుగా ఉబ్బెత్తు తలుపు. వాణ్ణి రెండు చేతులతో తన మొహం ముందు ఎత్తి పట్టుకుని, తలుపుని వేలితో తడిమి చూసుకుని, ఆ వైపు నాకు తిప్పారు. మొహం వెలిగిపోతోంది. “చూసేవా? నిన్నే చూస్తున్నాడు” అన్నారు.

నా వైపు కన్ను లేదు. వెనకవైపు కుట్టి ఉంది. మిణుకు జానెడు దూరంలోంచి ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు, అది ఆవిడకి కనపడటం లేదు.

“ఆయ్, నన్నే చూస్తున్నాడండీ” అన్నాను. అందుకుందామని చెయ్యి చాపితే, ఆవిడ వాణ్ణి నా చేతికి పక్కన గాలిలో వదిలారు. “జారిపోయేడే” అన్నారు, నా చేతికి అందలేదన్నట్టు. వాణ్ణి తీసుకుని ఇంటికొచ్చేశాను. ఇది సన్నదారం సంగతి కాదు. ఈవిడ పొయ్యి వెలిగిస్తున్నారు. రోజూ కాలవగట్టు మీద నడిచి చర్చికి వెళ్తున్నారు. నాలుగు నెలలుగా ఆవిడకి చూపు పోతుంటే, పోవడం లేదన్నట్టు ఊరంతటికీ చూపించింది నేను. ఆ పూట అన్నం సయించలేదు. ఏమైందే అని అమ్మ అడిగితే తలనొప్పి అన్నాను. అబద్ధాలు అప్పటికి నాకు బాగా అలవాటయ్యాయి.

ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేవరకు వసారాలోనే కూర్చున్నాను. రాగానే మిణుకుని ఒళ్ళో పెట్టి, ఆవిడ వేలు పట్టుకుని తలుపు మీద ఒకసారి, వెనక కన్ను మీద ఒకసారి ఆనించాను. “కన్ను వెనకాల ఉందండీ మామ్మగారూ” అన్నాను. ఆవిడ చాలాసేపు తడిమి చూసుకున్నారు. వరసలు కలిసే చోట వచ్చిన ముడిని కన్ననుకుని దాని కింద తలుపు కుట్టేశారు. నేను ఆగలేక మూట సంగతి, బస్సు సంగతి, నాలుగు నెలల సంగతి అంతా కక్కేశాను. తిడతారనుకున్నాను. ఇంక గుమ్మం తొక్కొద్దంటారనుకున్నాను.

“నాకు తెలుసే” అన్నారు. “నీది బిగువు చెయ్యి, నాది వదులు. కట్టిన మూట సత్యం గారికి ఇచ్చే ముందు ఓసారి తడిమి చూస్తాను కదా. సగం లేసు వదులుగా ఉంటే సగం బిగుసుకుపోయుండేది. నా లేసులో నీ చెయ్యి నా వేలికి తగలదూ?”

“మరి అనలేదేంటండీ?”

“అంటే నువ్వు మానేస్తావు. నువ్వు మానేస్తే నాకు కనపట్లేదని ఒప్పుకోవాలి. భయమేసిందే, వసంతా.” ఆవిడ నోట భయం అనే మాట వినడం అదే మొదలు. ఇద్దరం ఒకళ్ళ పక్కన ఒకళ్ళం కూర్చుని కాసేపు ఏడ్చుకున్నాం. తర్వాత ఆవిడే కొంగుతో మొహం తుడుచుకుని, “నువ్వొస్తే వెళ్తాను. పసరు గిసరు అన్నవాళ్ళని మాత్రం దగ్గరికి రానివ్వకు” అన్నారు.

రాజమండ్రిలో కంటి డాక్టరు గారు చూసి, శుక్లం బాగా ముదిరిపోయిందన్నారు. “ముందు ఒక కంటికి ఆపరేషన్ చేద్దాం. చూపు ఎంతవరకు వస్తుందో కట్టు విప్పాక గానీ చెప్పలేనండీ. కాస్త ముందే రావాల్సింది” అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు గానీ, ఆ ‘కాస్త ముందే’ నాకే తగిలింది. ఆపరేషన్ అయ్యాక కట్టుతో ఉన్నంతసేపూ నేను ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని, చేతిలో దారం లేకుండానే వేళ్ళతో గొలుసు అల్లుతూ ఉన్నారు. ఆ కంటికి చూపు రాకపోతే ఆ వేళ్ళ వంక ఎలా చూడాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న నర్సు వచ్చి కట్టు విప్పింది. వేళ్ళు చూపించి ఎన్నండీ అని అడిగింది. ఆవిడ రెప్పలు టపటప కొట్టుకుని నా వైపు చూశారు. మొహం చిట్లించారు. 

“ఆ చున్నీకి అంచు ఎవరు కుట్టేరే? అన్నీ వంకరలే” అన్నారు.

కుట్టింది నేనే. అంత హాయిగా నన్నెవరూ ఎప్పుడూ తిట్టలేదు. నర్సు నవ్వుతోంది, నేను అక్కడే మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయాను.  ఇంటికి రాగానే ఆవిడ మిణుకుని అడిగి తీసుకుని, తిప్పి చూసి, ఇంత అనాకారి వస్తువు తన చేతిలోంచి వచ్చిందంటే ఒప్పుకోనన్నారు. డాక్టరు సూది పట్టుకోవచ్చని చెప్పిన రోజునే వెనక కన్ను ఊడదీసి ముందు కుట్టారు. వాడిప్పుడు మా బీరువాలో ఉన్నాడు, తిన్నగా ముందుకే చూస్తూ.

రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక, ఆవిడ అల్లిన మొదటి లేసు సత్యం గారికి ఇవ్వకుండా నా దగ్గరికి పట్టుకొచ్చారు. నేల మీద పరిచి, “చూసి చెప్పు” అన్నారు. నేను వరస వరసా లెక్కపెట్టుకుంటూ వచ్చాను. తొమ్మిదో వరసలో ఒక చోట కుట్టు పెంచలేదు. చాలా చిన్నది. ఎవరికీ కనపడదు. బస్సులో అయితే పది నిమిషాల పని. నా వేలు అక్కడ ఒక్క క్షణం ఆగింది. “ఇక్కడ ఒకటి తప్పిందండీ” అన్నాను.

ఆవిడ వంగి చూశారు. వేలితో కాదు, కళ్ళతో. “ఆయ్, నిజమే” అన్నారు. దారం కొస పట్టుకుని అక్కడే విప్పడం మొదలుపెట్టారు. మూడు రోజుల పని గిరగిరా ఊడి ఒళ్ళో కుప్ప పడుతుంటే ఆవిడ మొహంలో విసుగు లేదు. “ఎన్నాళ్ళయిందే, నా తప్పు నేను విప్పుకుని” అన్నారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు బతికారు, చివరి వారం దాకా అల్లారు. నేను బడిలో పిల్లల నోటుపుస్తకాల్లో తప్పు లెక్కల్ని ఇప్పటికీ దిద్దను. తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించి, పుస్తకం వాళ్ళకే ఇచ్చేస్తాను. దీనికి రెట్టింపు టైము పడుతుందని మా తోటి టీచర్లు నవ్వుతారు. పడుతుంది. రాహేలమ్మ గారి తప్పుని నేను నాలుగు నెలలు నా దగ్గర దాచుకున్నాను. పిల్లలవి మాత్రం ఆ పూటే ఇచ్చేస్తాను.