ఏటి గట్టున పొలాలేసిన పెద్దమ్మ

పోయిన ఆదివారం పొద్దున్నే పెదనాన్న ఫోన్ చేశారు. "మీ పెద్దమ్మ వెళ్లిపోయిందిరా. నిద్రలోనే" అన్నారు. మళ్లీ ఆయనే, "మొన్న కూడా మీ కంప్యూటర్ యుద్ధాల గురించి చెప్పి నవ్వింది" అన్నారు. ఫోన్‌లోనే ఇద్దరం నవ్వేశాం. ఆ నవ్వు మధ్యలోనే నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ మా అమ్మకి అక్క. భీమవరంలో నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ వాళ్లింట్లోనే ఉన్నాను. ఊళ్లో వీధికో నెట్ సెంటర్ వస్తున్న రోజులవి. పెదనాన్న కూడా ఇంటి ముందు వసారాకి గోడలు కట్టించి, పది కంప్యూటర్లు పెట్టించి, తను మాత్రం మళ్లీ రొయ్యల చెరువుల మీదకి పోయారు. సెంటర్ పెద్దమ్మ నెత్తిన పడింది.

కౌంటర్ దగ్గర బీరకాయలు తరుక్కుంటూ మా తెరలకేసి చూస్తుండేది. అప్పట్లో మేం ఆడేది రాజ్యాల ఆట. నలుగురు పనివాళ్లతో మొదలుపెట్టి, కట్టెలు కొట్టించి, పొలాలు వేయించి, సైన్యాన్ని పెంచుకుని అవతలివాడి కోట కూల్చాలి. స్కూల్లో ఉండగా ఇదే ఆటని కంప్యూటర్‌తో ఒంటరిగా ఆడేవాణ్ని. ఇక్కడ అన్నిటికీ వైర్లు కలిపారు కాబట్టి ఎదురు కుర్చీలో కూర్చున్నవాడితోనే యుద్ధం. ఒకరోజు పెద్దమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, "లేరా, ఆ పొలాలు నేనేస్తా. నువ్వేస్తుంటే చూళ్లేకపోతున్నా" అంది.

వేసింది. అన్నీ ఏటి గట్టు వెంట, తాడు పట్టి కొలిచినట్టు. నిజానికి ఆ ఆటలో పొలానికి నీళ్లతో పనే లేదు, కొండ పక్కన వేసినా పండుతుంది. ఆవిడ ఒప్పుకోలేదు. పోనీ ఏటివైపు గోడ కట్టమంటే, "గోడ కడితే నీళ్లెలా వస్తాయిరా?" అని కోప్పడింది. ఇంకేముంది, పడవల్లో దండు దిగి పొలాలన్నీ తగలబెట్టింది. ఆ దండు మెట్ట ప్రాంతం జంగారెడ్డిగూడెం నుంచి వచ్చి చదువుకుంటున్న నా క్లాస్‌మేట్‌ది. "పొలం ఎక్కడేసినా ఒకటేనండి ఆంటీగారూ" అని వాడు పకపకా నవ్వుతుంటే, "బోరు నీళ్లవాడివి, నీకేం తెలుసు నాయనా" అంది. వాణ్ని చూసి ఆవిణ్ని వెక్కిరించడానికి నాకు నోరు రాలేదు. మొదటిసారి ఆడినప్పుడు నేనూ ఏటి పక్కనే వేశాను మరి.

మర్నాడు మళ్లీ అక్కడే వేసింది. ఆర్నెల్లు తిరిగేసరికి పొలాలు అక్కడే ఉంచి, ఏటి నిండా తనే పడవలు కట్టించి, ఆ జంగారెడ్డిగూడెం వాణ్నే ఓడించింది. "ముందు తిండి గింజలు, తర్వాతే కత్తులు" అనేది. ఓడినప్పుడు ఎవరైనా బల్ల గుద్దితే, "ఓడితే ఓడాం, మౌసు మీద ప్రతాపమేంటి?" అనేది.

మూడో ఏడాదిలో ఆట మారిపోయింది. అదే ఆటలో ఎవరో కొత్త మైదానం తయారుచేశారని ఒకడు సీడీ పట్టుకొచ్చాడు. ఇందులో రాజ్యం లేదు. మనిషికి ఒక్క వీరుడు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, మధ్యలో మూడు దారులు.

పెద్దమ్మ తెరంతా వెతికింది. "పొలాలేవిరా?"

"లేవు పెద్దమ్మా."

"మరి వీళ్లేం తింటారు?"

అందరం పడీపడీ నవ్వాం. కానీ ఆట మొదలయ్యాక నవ్వు పోయింది. ఆవిడ వీరుడు ఒంటరిగా శత్రువుల మధ్యకి నడిచి వెళ్లడం, చావడం. నేను జట్టుకి కెప్టెన్ని. నాలుగోసారి ఓడాక, "ఇది నీ వల్ల కాదు పెద్దమ్మా, మమ్మల్ని ఆడుకోనీ" అనేశాను, అందరి ముందూ. ఆవిడ కుర్చీ వదిలి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి కూరగాయలు వంటింట్లోనే తరుక్కునేది. నాకు అన్నం మాత్రం ఎప్పట్లాగే పెట్టేది. క్షమించమని అడగడానికి నాకు పొగరు అడ్డొచ్చింది.

ఇంతలో వేరే కాలేజీ వాళ్లు మా సెంటర్‌కే వచ్చి పందెం వేశారు. ఆదివారం మధ్యాహ్నం ఆట. మాలో ఒకడు అన్నయ్య కొడుకు అక్షరాభ్యాసమని ద్రాక్షారామం వెళ్లి రాలేకపోయాడు. జంగారెడ్డిగూడెం వాడు నా వంక ఓసారి చూసి, తిన్నగా వంటింట్లోకి పోయాడు. "ఆంటీగారూ, మీరు రావాలండి."

"మీ కెప్టెన్ని అడిగావా?" అంది, నాకు వినపడేలాగానే.

గుమ్మంలో నిలబడ్డాను. "తప్పయిపోయింది పెద్దమ్మా. రావా?"

"అందులో నాకేం పనుందిరా?"

అప్పుడు చెప్పాను, మొదటిరోజే చెప్పాల్సిన మాట. ఒకడుంటాడు, వాడు ఎవర్నీ చంపక్కర్లేదు. మనవాళ్ల వెనకాలే ఉండి గాయాలు మాన్పాలి. దొరికిన బంగారం మిగతావాళ్లకి వదిలేయాలి.

"వడ్డన అన్నమాట!" అంది. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఆ ముక్క ముందే ఏడవచ్చుగా?"

ఇంట్లో ఏ శుభకార్యమైనా వడ్డన ఆవిడదే. ఏ విస్తట్లో ఏం తగ్గిందో గుమ్మంలోంచే కనిపెట్టేది. ఆ మధ్యాహ్నం ఆటా అలాగే ఆడింది. "నీకు బలం తగ్గింది, ఇలా రా నాన్నా. నువ్వాగు, వాడికి ముందు." నా జన్మలో అంత నిశ్చింతగా ఆట ఆడలేదు.

చివరికి శత్రువుల కోట నాలుగడుగుల దూరంలో ఉండగా ముగ్గురు నన్ను చుట్టుముట్టారు. పెద్దమ్మ వీరుడు వచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"నువ్వు పద. వీళ్ల సంగతి నేను చూస్తా."

"చచ్చిపోతావు పెద్దమ్మా!"

"పోతే పోతా. పదరా వెధవా!"

పరిగెత్తాను. వెనక ఆవిడ వీరుడు పడిపోయాడు. ఆ ఆటలో చచ్చినవాళ్ల తెర రంగులన్నీ పోయి బూడిద రంగుకి తిరుగుతుంది, మళ్లీ పుట్టేదాకా అంతే. ఆవిడ ఇంకా పుట్టకముందే నేను కోట కూల్చేశాను.

మావాళ్లు కేకలు పెడుతూ నన్ను భుజాల మీదకి ఎత్తేశారు. పైనుంచి చూస్తే, పది తెరల్లో ఒక్కటే బూడిద రంగులో ఉంది. దాని ముందు పెద్దమ్మ, కుర్చీలోంచి సగం లేచి, కళ్లద్దాలు ముక్కు మీదకి జారిపోతున్నా పట్టించుకోకుండా, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతోంది.