ఐసు సీసాల కొత్తిమీర

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్‌లో నెట్ ఉంది, నెట్‌లో చూసినన్ని వీడియోలు ఉన్నాయి. నాకు లేనిదల్లా ఉద్యోగమే. బీటెక్ అయిపోయి, హైదరాబాద్‌లో కొన్నాళ్లు హాస్టల్ సాంబారు తాగి, "మేమే ఫోన్ చేస్తాం" అన్న ప్రతివాడి మాటా నమ్మి, చివరికి హన్మకొండలో మా ఇంటికి తిరిగొచ్చి పడ్డాను. మా ఇల్లంటే కింద బాపు కిరాణా దుకాణం, దానిపైన మేము, మా పైన అద్దెకున్నవాళ్లు, అందరి పైనా డాబా. ఆ వయసులో మనిషికి కష్టపడాలనే ఉంటుంది కానీ, ఇంట్లోవాళ్లు చెప్పిన పనిలో మాత్రం కాదు. బాపు దుకాణంలో కూర్చోమన్నాడు కాబట్టి, నేను డాబా మీద మట్టి లేకుండా కొత్తిమీర పండించాలని నిర్ణయించుకున్నాను.

సంగతి చెప్పుకోవడానికి తేలికే. తెల్లటి పీవీసీ గొట్టాలకు వరసగా రంధ్రాలు కొడతాం, రంధ్రాల్లో జాలీ కప్పులు పెడతాం, కప్పుల్లో మొక్కలు. గొట్టాల కింద నీలం డ్రమ్ములో ఎరువు కలిపిన నీళ్లుంటాయి. చిన్న పంపు ఆ నీళ్లను గొట్టాల్లోకి ఎక్కిస్తే, అవి వేళ్లను తడుపుకుంటూ మళ్లీ డ్రమ్ములోకే వస్తాయి. వీడియోలో చెప్పినాయన దీన్ని అన్నం తిన్నంత సులువుగా చెప్పాడు. ఆయన స్వెటర్ వేసుకుని చెప్పాడు. (ఆ స్వెటర్ చూసైనా నాకు అనుమానం రావలసింది.)

బాపు ఒకరోజు డాబా ఎక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని గొట్టాలన్నీ చూశాడు. "ఏందిరా ఇది, ప్లంబర్ పని నేర్చుకుంటానవా?" అన్నాడు. కొత్తిమీర అన్నాను. ఎండాకాలంలో దాని ధర ఎక్కడికి పోతుందో, చౌరస్తాలో కర్రీ పాయింట్ ఆయన మొదటి కోత బాగుంటే రోజూ తీసుకుంటానని ఎంత గట్టిగా అన్నాడో చెప్పాను. బాపు బేరం పెట్టాడు. "సరే, మిరుగం దాకా సూస్త. ఆలోపు ఒక్క పంట తీసి సూపెట్టు, ఇగ జన్మల దుకాణం మాట ఎత్త. తియ్యకపోతివా, తెల్లారి నుంచి నువ్వే షట్టర్ లేపాలె." వానలు మొదలయ్యే మృగశిర కార్తె దాకా బోలెడు రోజులున్నాయనుకుని నేను ఛాతీ విరుచుకుని ఒప్పుకున్నాను. నా బతుకంతా ఒక కొత్తిమీర కట్ట మీద ఆధారపడిందని నాకప్పుడు తట్టలేదు.

ఏప్రిల్ వచ్చేసరికి మొక్కలు తలలు వాల్చడం మొదలుపెట్టాయి. కప్పు పైకెత్తి చూస్తే తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగులో జిగటగా ఉన్నాయి, వాసన కూడా. నీళ్లు వేడెక్కితే వేళ్లకు ఊపిరాడదట, కుళ్లిపోతాయట. ఎంత వేడెక్కాయో చూద్దామని ఇంట్లో జ్వరం చూసే థర్మామీటర్ పట్టుకెళ్లి డ్రమ్ములో ముంచాను. నూటరెండు చూపించింది. మనిషికైతే దవాఖానకు తీసుకుపోయే వేడి. "గది నోట్ల పెట్టుకునేదిరా సచ్చినోడా!" అని అమ్మ కింద నుంచే అరిచింది, ఎలా తెలిసిందో ఏమో. మొదటి విడత మొక్కలు అలా జ్వరంతోనే పోయాయి. రెండో విడత వేసి, డ్రమ్ముకు తెల్ల రంగు పూశాను, గోనెసంచి చుట్టి తడిపాను, పైన పాత చీరలు కట్టి నీడ చేశాను. గోనెసంచి పొద్దున పూట బాగానే పనిచేసేది. కానీ నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇంట్లో, సంచి తడపడానికి బకెట్లకు బకెట్లు ఎత్తుకుపోతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? ఇక మిగిలింది ఐసు. రెండు లీటర్ల సీసాల్లో నీళ్లు గడ్డకట్టించి డ్రమ్ములో వేస్తే నీళ్లు చల్లబడతాయి, సీసా మూత బిగించి ఉంటుంది కాబట్టి ఎరువు పలచబడదు. కాకపోతే మా ఫ్రిజ్‌లో రెండు సీసాలు పడితే ఎక్కువ.

అప్పుడు చేశాను నేను ఆ పని. పైన అద్దెకున్న వాళ్ల తలుపులు తట్టి, "జర ఒక సీసా మీ ఫ్రిజ్‌ల పెట్టుకుంటరా?" అని అడిగాను. మనవాళ్లను అడగడమే ఆలస్యం, కాదనేవాళ్లు ఎవరు? ఒక వాటాలో ఉండే రైలు సార్ (రైల్వేలో రిటైరయ్యాడు, ఇప్పటికీ టిఫిన్ టైం ప్రకారమే తింటాడు) రెండు సీసాలు తీసుకున్నాడు. పక్క వాటాలో పెద్దమ్మ ఉండేది. మాకు చుట్టమేమీ కాదు, పెద్దదాన్ని పెద్దమ్మ అనడమే. వీధి మొత్తంలో మొదటి డబుల్‌డోర్ ఫ్రిజ్ ఆమెదే కాబట్టి మేమంతా చాటుగా డబుల్‌డోర్ పెద్దమ్మ అనేవాళ్లం. ఆమె నాలుగు సీసాలు పెట్టింది. ఆ రోజు నుంచి నా పని మొక్కలు పెంచడం కాదు, సీసాలు మొయ్యడం. పొద్దున గడ్డకట్టినవి పైకి, కరిగినవి కిందికి. మధ్యాహ్నం మళ్లీ పైకి, మళ్లీ కిందికి. సాయంత్రం ఇంకోసారి. అందరూ కూలర్ ముందు చాపేసుకుని పడుకునే వేళ నేను రెండు సంచులతో మెట్ల మీద ఉండేవాణ్ని. మోకాళ్లు నొప్పి, భుజాలు నొప్పి, కళ్లు మూస్తే సీసాలు. దుకాణంలో బస్తాలు మోసే అన్న నన్ను చూసి, "మా పనే నయమున్నది తమ్మీ" అని నిట్టూర్చాడు.

ఇంత మోసినా కొత్తిమీర నాదిగా మిగల్లేదు. సీసా పెట్టిన ప్రతివాళ్లూ డాబా ఎక్కి, "మన కొత్తిమీర ఎట్లున్నది?" అని చూసుకుని, పప్పులోకి ఓ రెమ్మ తుంచుకుపోయేవాళ్లు. అది కూడా భరించేవాణ్నే. ఒకరోజు మాత్రం నోరు జారి, "సార్, మీ ఐసు సాయంత్రం దాకా కరగలే, మస్తున్నది" అన్నాను. రైలు సార్ ఆ మాట నలుగురికీ చెప్పుకున్నాడు. సింగిల్ డోర్ ఫ్రిజ్‌ను ఇంతగా మెచ్చుకుంటే డబుల్ డోర్ ఊరుకుంటుందా? పెద్దమ్మ నన్ను పిలిచి, "బిడ్డా, నా ఐసుకేం తక్కువైంది? నిజం చెప్పు" అని నిలదీసింది. మరుసటి వారం నుంచి ఆమె సీసాల బదులు ఐదు లీటర్ల ఖాళీ నూనె క్యాన్‌లో ఐసు కట్టించి ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి తిప్పే మూత కాదు, నొక్కే మూత. బరువు చూసి భయపడ్డానే కానీ మూత చూసి భయపడలేదు.

మిరుగం ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా కొత్తిమీర మోకాలెత్తు కాకపోయినా జానెడు పైనే పెరిగి, డాబా అంతా ఘుమఘుమలాడుతోంది. మర్నాడు కోత. కర్రీ పాయింట్ ఆయనకు కూడా కబురు చేశాను. ఆ మధ్యాహ్నం సీసాలు మార్చడానికి పైకెళ్లేసరికి గొట్టాల మీద ఒక్క ఆకు నిలబడి లేదు. పొద్దున నవనవలాడినవి అన్నీ ఉడకేసినట్టు వాలిపోయాయి. డ్రమ్ములో చెయ్యి పెట్టాను, నీళ్లు చల్లగానే ఉన్నాయి! పెద్దమ్మ క్యాన్ మాత్రం మూత ఊడి తేలుతోంది. దాన్ని పైకి తీసి, ఎందుకో అనుమానమొచ్చి డ్రమ్ములో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. సముద్రం మా డాబా మీదికే వచ్చినంత ఉప్పు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. పెద్దమ్మ. నా మొహం, చేతిలో క్యాన్, వాలిన మొక్కలు అన్నీ ఒక్కసారే చూసింది. "కుల్ఫీ బండాయన ఐసుల గళ్లుప్పు ఏస్తడు గద బిడ్డా... గట్లయితే ఇంకా సల్లగైతదని... నీ కోసమే ఏసిన" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అరవాలనే ఉంది. కానీ ఆమె అప్పటికే వంగి, వాలిన మొక్కలను ఒక్కొక్కటే లేపి నిలబెట్టాలని చూస్తోంది. ఇంతలో రైలు సార్, ఆయన వెనక మిగతా వాటాదార్లంతా పైకొచ్చేశారు. "ఎవరి సీసా లీకైంది? ఒక్కొక్కటి తీసి సూపెట్టు, ఎంక్వైరీ చేద్దాం" అన్నాడు సార్. నేను క్యాన్‌ను కింద పెట్టి, కాలితో డ్రమ్ము వెనక్కి తోసి, "ఎవరిదీ లీక్ కాలేదు సార్. ఎండకు పోయినయ్" అన్నాను. అందరూ ఎండను తిట్టుకుంటూ దిగిపోయారు. పెద్దమ్మ నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం బాపు దుకాణంలోకి పిలిచాడు. పొట్లం కడుతూ, తలెత్తకుండానే అడిగాడు.

"ఎండకేనా?"

"ఎండకే బాపూ."

"బీపీ ఉన్నదని ఏండ్ల సంది మామిడికాయ పచ్చడే పెట్టని మనిషి, మొన్న వచ్చి రెండు కిలోల గళ్లుప్పు పట్కపోయింది. ఎందుకో అనుకున్న." పొట్లం పక్కన పెట్టి నా వైపు చూశాడు. "నీ పంట ఎండకు పోలే. నువ్వు ఓడిపోలే. మిరుగం మాట ఇడిసిపెట్టు, ఇంకో కాపు పెట్టుకో పో. నేనేమన."

ఆ ఒక్క మాట కోసమే కదా నేను ఎండాకాలమంతా చచ్చింది. ఎగిరి గంతెయ్యాలి. కానీ నాకు కళ్ల ముందు మెట్లు కనిపించాయి, మెట్ల మీద నేను, నా రెండు చేతుల్లో సంచులు. రేపు పొద్దున ఎవరి తలుపూ తట్టక్కర్లేదు, మధ్యాహ్నం పడుకోవచ్చు అనుకుంటే ఒళ్లంతా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా నోట్లోంచి వచ్చిన మాట విని నాకే ఆశ్చర్యమేసింది.

"షట్టర్ తాళం యాడ పెడతవ్ బాపూ?"

బాపు నవ్వలేదు. లేచి, కుర్చీ నా వైపు జరిపాడు. నాలుగో రోజు మిరుగం వానే పడింది. డాబా ఎక్కి చూస్తే డ్రమ్ములో నీళ్లు, ఏ సీసా లేకుండానే, ఐసుకన్నా చల్లగా ఉన్నాయి. కాసేపు మోచేతుల దాకా అందులో పెట్టుకుని కూర్చుని, కిందికి దిగి దుకాణం తెరిచాను. ఇప్పటికీ ఎవరైనా ఆ కథ అడిగితే ఎండకే పోయాయని చెబుతాను, పెద్దమ్మ కోసమని. సగం నా కోసం కూడా. అప్పటి నేను, ఆ కుర్రాడు, గెలిచి కూడా కుర్చీ చూడగానే కూర్చున్నాడని ఎవరికి చెప్పుకోను? వాడు గుర్తొస్తే నాకు నవ్వే వస్తుంది, పాపం, ఎంత అలసిపోయాడో.