కత్తిరించిన ఏడుపు

కెమెరా ఆన్ చేయగానే అభిలాష్ ఎడమ అరచేతిని నేలవైపు తిప్పి, గాలిని మెల్లగా కిందికి నొక్కుతాడు. తగ్గించమని. అప్పగింతల్లో పెళ్లికూతురు తల్లికైనా, శవం పక్కన కూర్చున్న ఇల్లాలికైనా అదే నొక్కుడు. తిరువూరు బస్టాండు ఎదురుగా అతని స్టూడియో బోర్డు మీద ఫోటోగ్రాఫర్ అని ఉండదు, డైరెక్టర్ అని ఉంటుంది. విషాదాన్ని అదుపులో పెట్టడం తనకే తెలుసని అతని నమ్మకం. ఆ విషయంలో తిరువూరులో అతనితో పోటీకి ఎవరూ రాలేదు కూడా.

రెడ్డిగూడెంలో మామిడితోటల దశరథరామయ్య పోయినప్పుడు వీడియో అతనికే అప్పజెప్పారు. అంత్యక్రియలు తీయాలి. పెద్దకర్మ రోజు భోజనాలకు ముందు షామియానా కింద తెర మీద వేయాలి. ఈ మధ్య కలిగినవాళ్లంతా అలాగే చేస్తున్నారు.

ఆయన కూతురు సుప్రజ తండ్రి కాళ్ల మీద పడి ఏడ్చింది. ముడి ఊడిపోయింది, గొంతు బొంగురుపోయింది. అభిలాష్ ఎంత గాలి నొక్కినా ఆమె చూడలేదు. ఎడిటింగులో చూసుకుందాంలే అనుకున్నాడు. చూసుకున్నాడు. ఏడుపంతా తీసేసి, ఆమె నీళ్లచెంబుతో గుమ్మంలో నిలబడ్డ ముక్క ఒక్కటే ఉంచాడు. మిగతాదంతా ఖాళీ మడతమంచం, చెప్పులు, తోటలో ఆగిపోయిన బోరు మోటారు. మోటారు చాలాసేపు.

పెద్దకర్మనాడు మోటారు వచ్చేసరికి జనంలోంచి ఎవరో, "కరెంటు పోయిందా?" అన్నారు.

ముందు వరసలో దశరథరామయ్య చెల్లెలు సుబ్బాయమ్మ కూర్చుంది. అన్న పోయిన రోజు ఆమె వచ్చేసరికే దహనం అయిపోయింది. ఆమె చూసింది తెరమీదే.

"కన్నతండ్రి పోతే కంట్లో తడే లేదేంటమ్మా! పాలవాడి కోసం నిలబడ్డట్టు చెంబు పట్టుకుని నిలబడింది!"

"నేను ఏడ్చాను అత్తా" అంది సుప్రజ.

"ఎక్కడే? చూపించు."

"తోట ముందే రాయించుకుందిగా, ఇంకెందుకు ఏడుస్తుందిలే" అని వెనక నుంచి ఇంకో గొంతు. గారెలతోపాటు ఆ మాటనూ పంక్తి పొడవునా వడ్డించారు.

సుప్రజ అభిలాష్ దగ్గరికొచ్చింది. "నేను ఏడవలేదా అన్నా?"

"ఏడ్చావమ్మా. కానీ తెరమీద వాళ్లు ఏడవకూడదు. చూసేవాళ్లు ఏడవాలి."

"వాళ్లు గారెలు తింటున్నారు."

అభిలాష్ ఎడమ అరచెయ్యి అలవాటుగా నేలవైపు తిరిగింది.

"రేపట్నుంచి ఈ ఊళ్లో తలెత్తుకు తిరగాల్సింది నేను. నీ మోటారు కాదు. నా ఏడుపు నాకివ్వన్నా."

మర్నాడు పొద్దున్నే అభిలాష్ షట్టరు ఎత్తాడు. తీసేసిన ముక్కలన్నీ వెతికి, ఒక్క కోత లేకుండా వరసగా అతికించాడు. పాట పెట్టలేదు. చివర తన పేరు వేయాలా వద్దా అని ఒక టీ తాగినంతసేపు ఆలోచించాడు. ఇది కళ కాదని వేయలేదు. సుప్రజను నంబరు అడిగి, సుబ్బాయమ్మ ఫోనుకే నేరుగా పంపాడు.